ఇంటి గొయ్యి – వీధి బావి

తెలియక చేసిన పనివలన ఇతరులు చనిపోయిన యెడల ఆ రక్తాపరాధము ఎవరి మీద నుండును? ఈ ప్రశ్న తలంచినప్పుడెల్ల 1854 లో లండను నగరమున జరిగిన సంగతి నా మనస్సునకు వచ్చుచుండును.

ఆ యేట ఆగస్టు కడపటి దినమున సోహో అను పేటలో కలరా విజృంభించెను. ఆరువందలమందికి పైగా మరణించిరి. బ్రాడ్ వీధిలోని చేతిపంపు నీరే కారణమని జాన్ స్నో అను వైద్యుడు చెప్పగా, స్థానిక పెద్దలు సెప్టెంబరు 8 న ఆ పంపు పిడిని ఊడదీయించిరి. అచ్చటి దేవాలయమున సహాయ గురువుగా నుండిన హెన్రీ వైట్‌హెడ్ వైద్యుని మాట నమ్మలేదు. అది తప్పని రుజువు చేయవలెనని ఇల్లిల్లు తిరిగెను. (పరామర్శకు వెళ్లువానికి తెలియు సంగతులు ఒక్కొక్కప్పుడు వైద్యునికిని తెలియవు సుమండీ.) తిరిగినకొలది తన అభిప్రాయమే తప్పని ఆయనకు తేలెను. పంపు దగ్గరనే యున్న 40 వ నంబరు ఇంటిలో ఒక పసిబిడ్డ అందరికంటె ముందుగా విరేచనములతో జబ్బుపడెను. తల్లి గుడ్డలుదికిన నీళ్లను ఇంటి ముందరి మురుగు గొయ్యిలో పోసెను. 1855 లో త్రవ్వి చూడగా, ఆ గొయ్యి ఇటుకలు శిథిలమై, మూడడుగులైన దూరము లేని బావిలోనికి మురుగు ఊరుచుండెను.

ఆ తల్లిని నేరస్థురాలనగలమా? బిడ్డ చనిపోయిన తల్లిని ఎవరనగలరు! ఆ గొయ్యిని చూచి బాగుచేయించు బాధ్యత ఎవరిదియు కాకపోవుటలోనే తప్పున్నదని నా తలంపు. క్రొత్త ఇంటి మీదనుండి యెవడును పడకుండ పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22 వ అధ్యాయములో నున్నది గదా. ఇల్లు నీదే, పడువాడు పొరుగువాడు.

లివర్‌పూలు 1847 లోనే ఆరోగ్యాధికారిగా డాక్టరు డంకనును నియమించుకొనెను. లండనులో ప్రతి స్థానిక సభయు అట్టి అధికారి నుంచవలెనని 1855 నాటి చట్టము, ఇంగ్లండంతటను ఉంచవలెనని 1872 నాటి చట్టము విధించెను. నా యింటిలోనికి తొంగిచూచుటకు సర్కారెవరని గొణిగినవారు కొల్లలు. ఆ గొణుగుడును పూర్తిగా త్రోసివేయరాదు. అధికారము చేతికివచ్చినవాడు బీదవాని గుమ్మమే ముందు తట్టును. అధికారికి జీతమిచ్చు పెద్దలలోనే పాడు ఇండ్లను అద్దెకిచ్చు వారుండిరి మరి.

పిడి తీసిన నాటికే జనులు పేట విడిచి పారిపోయి, రోగము తగ్గుముఖము పట్టెను. గనుక ఆ పని వ్యర్థమని కొందరందురు. అయితే అదే దినమున ఆ బిడ్డ తండ్రి కలరాతో మంచముపట్టెను. ఆయన గుడ్డలుదికిన నీళ్లకును ఆ గొయ్యే దిక్కు.