రాయి తగిలినవాడి లెక్క

“మా కాలంలో ఇంత గొడవ ఉండేదా?” అనే మాట యాభై దాటినవాళ్లందరి నోటా వస్తుంది. ఆమధ్య పండక్కి వెల్లిచందై వెళ్లినప్పుడు నా నోటా వచ్చింది. బెంగళూరులో ఫుట్‌బాల్ ఆట చూసివచ్చిన మా అన్న కొడుకు, అభిమానులు ఒకరినొకరు తిట్టుకున్న సంగతి చెబుతున్నాడు. నేను మా రోజుల మర్యాదను పొగడడం మొదలుపెట్టాను.

పక్కనే ఉన్న మా బావ కనుబొమ మీది మచ్చ చూపించాడు. ఆయనది పొరుగూరు. మా అక్కను చేసుకోకముందు ఆ ఊరి జట్టుకు గోల్‌కీపరు. “మీ ఊళ్లో గెలిచిన రోజు తగిలిన రాయిది ఇది. నువ్వు విసిరినవాళ్ల వైపు ఉన్నావు, అందుకే నీకది సరదాగా గుర్తుంది” అన్నాడు నవ్వుతూ. నేను నవ్వలేకపోయాను.

నేను మెచ్చుకున్న ఆ పాతకాలంలోనే, 1980 ఆగస్టు 16న, కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆట నాడు అభిమానుల కొట్లాటలో, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. 1985లో బ్రస్సెల్స్‌లోని హీసెల్ మైదానంలో 39 మంది పోయారు.

అలాగని ఏ కాలమూ మారలేదనడం సరికాదు. 1989లో ఇంగ్లండులోని హిల్స్‌బరోలో జనం నలిగిపోయి మొత్తం 97 మంది మరణించారు. 1990లో వచ్చిన టేలర్ నివేదిక తర్వాత అక్కడి పెద్ద మైదానాల్లో నిలబడి చూసే చోట్లు పోయి కుర్చీలు వచ్చాయి. అయితే ఆ చావుల నిందను ఏళ్ల తరబడి అభిమానులే మోశారు. తప్పు వాళ్లది కాదని, పోలీసుల వైఫల్యం ఉందని విచారణలో జ్యూరీ తేల్చింది 2016లో.

అంటే మనం రెండు విధాల పొరబడతాం. మన గుంపు చేసినదాన్ని అల్లరి అంటాం. ఎదుటి గుంపుకు జరిగినదాన్ని కూడా వాళ్ల నేరమే అంటాం.

బ్యాంకులో జమ ఒక్కటే చూసి ఖాతా ముగించం, ఖర్చూ చూడాలి. జ్ఞాపకాల ఖాతాను మాత్రం ఒక పక్కే రాసుకుంటాం. కాలం మెరుగైందో చెడిందో విసిరినవాడు చెబితే చాలదు, తగిలినవాణ్ణి అడగాలి.

ఆ రోజు నా చేతిలోనూ రాయి ఉంది. విసిరానో లేదో గుర్తులేదు. బావకు మాత్రం పడిన కుట్లు ఎన్నో గుర్తున్నాయి. మా అన్న కొడుకుతో ఇంకెప్పుడూ ‘మా కాలం’ గురించి గొప్పలు చెప్పలేదు. ఆ రాయి సంగతి చెప్పాను.