పది దినముల పరీక్ష

ధ్యాన భాగము: దానియేలు 1:8–16



మన పల్లెలనుండి అనేకులు బ్రతుకుతెరువుకై హైదరాబాదు తూర్పుననున్న ఉప్పల్, నాచారం ప్రాంతములకు పోయి కాపురముండుట మీరెరుగుదురు. నాచారం పారిశ్రామిక వాడలో పనిచేయు ఒక యౌవనస్థుడు పండుగకు ఊరు వచ్చి నన్ను కలిసికొనెను. కొన్ని ఏండ్లుగా క్రోన్స్ అను ప్రేగుల వ్యాధి అతనిని బాధించుచున్నది. కడుపునొప్పి, విరేచనములు, నీరసము. కొన్ని నెలలు తగ్గును, మరల తిరుగబెట్టును. దానిని సమూలముగా మాన్పు మందు నేటికిని లేదు. క్రొత్త మందును పరీక్షించు క్లినికల్ ట్రయల్‌లో చేరెదవా అని వైద్యుడు అతని నడిగెనట.

"అయ్యగారూ, సంతకం పెడితే ప్రార్థన మీద నమ్మకం లేనట్టేనా? అమ్మ ఏడుస్తున్నది" అనెను.

ప్రియులారా, తిమోతికి కడుపు జబ్బు ఉండగా పౌలు ప్రార్థనతో ఊరకుండక, అతడు పుచ్చుకొనవలసినదానిని గూర్చియు వ్రాసెను (1 తిమోతి 5:23). వైద్యము అవిశ్వాసము కాదు. దానియేలు మరియొక అడుగు ముందుకు వేసెను. పది దినములు మాకు శాకాహారమును నీళ్లును ఇచ్చి, రాజభోజనము తిను బాలురతో మమ్మును పోల్చి చూడుమని తానే కోరెను. ఎన్ని దినములో, ఏమి చూడవలెనో ముందే తేటగా చెప్పెను. ఎవరును అతనిని బలవంతపెట్టలేదు.

మన తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరములో జన్మించెను. స్ప్రూ అను దీర్ఘకాలపు ప్రేగు వ్యాధి ఆయన ఇంట మరణము తెచ్చెను. ఆయనయు దానిచే బాధపడి కోలుకొనెను. 1945లో అమెరికాలో ఆయన నడిపించిన బృందము ఫోలిక్ ఆమ్లమును తయారుచేసెను. మరుసటి యేడు క్యూబాలో స్ప్రూ రోగులు దానిని పుచ్చుకొని మేలు పొందిరి. ఆయన బృందము చేసిన మరియొక మందు మెథోట్రెక్సేట్. దానిని 141 మంది క్రోన్స్ రోగులలో పరీక్షించి 1995లో ఫలితము ప్రకటించిరి. కొందరికి మందు సూది, కొందరికి మందు లేని సూది. మందు పొందినవారిలో నూటికి 39 మందికి, పొందనివారిలో నూటికి 19 మందికి వ్యాధి అణగెను. గమనించుడి, మందు పొందియు మేలు కానివారే ఎక్కువ. అయినను వారి ఓర్పువలన తరువాతి రోగులకు దారి ఏర్పడెను. తనకు మేలు కలుగునో లేదో ఎరుగక పొరుగువానికొరకు నిలుచుట ప్రేమ కాదా?

అయితే ప్రేమ కన్నులు మూసికొనదు. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు క్యాన్సరు నివారణ టీకా పరీక్షార్థము వేసినప్పుడు, అనేకుల తరఫున హాస్టలు వార్డెన్లు సంతకములు చేసిరని విచారణలో తేలెను. ఒకరి శరీరమునకు మరియొకరు సమ్మతి ఇచ్చుట న్యాయమా? నేడు 2019 నిబంధనలు మనకు అండగా నున్నవి. లాభనష్టములు అర్థమగు భాషలో చెప్పవలెను. చదువురానివారికి నిష్పక్షపాతియగు సాక్షి యుండవలెను. సమ్మతి పత్రపు ప్రతి చేతికియ్యవలెను. ట్రయల్ వలన హాని కలిగిన యెడల ఉచిత చికిత్సయు నష్టపరిహారమును ఇయ్యవలెను. ఎప్పుడైనను మానుకొనవచ్చును. కావున అడుగుడి: నాకు మందు లేని మాత్ర రావచ్చునా? ఇప్పటి మందులు మానవలెనా? ట్రయల్ ముగిసిన తరువాత నా గతి యేమి? ఇట్లు అడుగుట అవిధేయత కాదు, వివేకము.

ఆ సహోదరుడు ఇంకను సంతకము చేయలేదు. చేయుమనిగాని, వలదనిగాని నేను చెప్పలేదు. ఆ పత్రమును తల్లికి చదివి వినిపించి, ఆమె ప్రశ్నలను కూడ వ్రాసికొని వైద్యునియొద్దకు పొమ్మంటిని. అతడు ఏది నిర్ణయించినను సంఘము అతనిని తప్పుపట్టక, అతనికొరకు ప్రార్థింపవలెను.

ప్రార్థన: తండ్రీ, దీర్ఘరోగులకు ఓర్పును, వైద్యులకు యథార్థతను, మాకు దయగల హృదయమును అనుగ్రహింపుము. ఆమేన్.