సత్యభామ సవరం

నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించింది. వీటిలో ఆహార్యమంటే వెలుపలినుండి తెచ్చి ధరించేది, అనగా వేషం, నగలు, ముఖవర్ణం, కేశాలంకరణ. ఏ నాట్యానికి ఏ కొప్పు, ఏ జడ తగునన్నది పైకి సింగారానికి సంబంధించిన విషయంగా కనబడినా, తెచ్చి పెట్టుకొన్న రూపంలో సత్యం నిలుస్తుందా అన్న తాత్త్విక ప్రశ్న దానిలోనే ఇమిడి ఉన్నది.

మోహినీయాట్టంలో ముడి తలకు ఎడమవైపున ఒదిగి మల్లెలు చుట్టుకొంటుంది; ఒడిస్సీలో వెనుక ముడిపై ఆలయ శిఖరాన్ని స్ఫురింపజేసే తాహియా అనే బెండు కిరీటం నిలుస్తుంది; కూచిపూడిలో తలపై సూర్యచంద్రులు, వెనుక రాగిడి, కొసన జడకుప్పెలు అమరిన పొడుగాటి జడ వ్రేలాడుతుంది. సిద్ధేంద్రయోగి రచనగా ప్రసిద్ధమైన భామాకలాపంలో ఆ జడయే ఒక పాత్రతో సమానం. సత్యభామ ప్రవేశానికి ముందు జడను తెర మీదుగా వేయడం పండితులకు, కళాకారులకు సవాలుగా భావించే ఆచారం. శ్రీకృష్ణుని ఎడబాటుతో కరిగే భామను జీవాత్మగా, కృష్ణుని పరమాత్మగా భావించే సంప్రదాయ దృష్టితో చూస్తే, ఆ జడ ఆమె అహంకారానికి ఆకృతి.

అయితే ఆ జడ భామది కాదు, వేషధారిదీ కాదు. కూచిపూడిలో చిరకాలం స్త్రీ పాత్రలను పురుషులే ధరించారు కనుక, వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) వంటివారు చూపిన సత్యభామ వైభవానికి సవరం, అనగా అతికించుకొనే కృత్రిమ కేశం, తప్పనిసరి అయింది. ప్రేక్షకులు దానిని అసత్యమని ఎన్నడూ అనుకోలేదు. మందారం చెంతనున్న స్ఫటికం ఎర్రగా కనబడినా ఎరుపు స్ఫటికానిది కానట్లే, ఆత్మకు దేహం ఉపాధి, అనగా తన గుణాన్ని తనకు సమీపంలో ఉన్నదానిపై ఆరోపించే వస్తువు అని అద్వైతులు చెబుతారు. ఆ లెక్కన సొంత జుట్టు కూడా ఆత్మకు సవరమే.

బెంగళూరు దక్షిణ భాగంలో హోసూరు రోడ్డు వెంబడి ఉన్న బొమ్మనహళ్ళి వంటి చోట స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ విచారం దూరమైనది కాదు. తిరుమలలో తలనీలాలు సమర్పించి వచ్చిన బాలికకు, లేదా బడి సౌకర్యం కోసం జుట్టు కురచగా కత్తిరించుకొన్న బాలికకు, కూచిపూడి ప్రదర్శన నాడు సవరం కట్టవలసి వస్తుంది. దేవుని ముందు ఆడేటప్పుడు పెట్టుడు జుట్టు తగునా అని పెద్దలు శంకించవచ్చు. కాని తిరుమల తిరుపతి దేవస్థానం తలనీలాలను వేలం వేస్తుందనీ, అటువంటి కేశాలే విగ్గులుగా, సవరాలుగా మారుతాయనీ తలచుకొంటే, ఒకరు అహంకారంతోబాటు విడిచిన జుట్టు మరొకరికి అహంకారాన్ని అభినయించే సాధనం కావచ్చునని తెలుస్తుంది. విడవడంలోనూ ధరించడంలోనూ తెలిసే సంగతి ఒక్కటే: జుట్టు తాను కాదు.

కనుక కేశాలంకరణను నిర్ణయించవలసినది నర్తకి తలపై సహజంగా ఉన్నది కాదు, ఆమె చూపబోయే పాత్ర. కురచ జుట్టు కారణంగా ఏ బాలికనూ భామ వేషానికి దూరంగా ఉంచవలసిన పని లేదు. ఆట ముగిశాక సవరంతోబాటు భామ గర్వాన్ని కూడా విప్పి పెట్టెలో పెట్టడం నేర్పితే చాలు.