తడికట్టె సంగతి

నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనపముద్దలో నిప్పుంది, పొగ లేదు. తడికట్టె తోడైతేనే పొగ. తర్కంలో ఆ తోడైనదాన్ని ఉపాధి అంటారు. మన తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఇచ్చిన ఉదాహరణ ఇది. రాజమండ్రిలో ఏళ్ల తరబడి పిల్లలకి చెప్పాను. ఇప్పుడు ఆరోగ్య సర్వేలు చదువుతుంటే అదే గుర్తొస్తోంది.

2003-04లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్, బైర్రాజు ఫౌండేషన్ కలిసి ఉభయగోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో ఏడాదిపాటు ప్రతి చావునీ నమోదు చేశాయి. జనాభా సుమారు 1,80,000. చావులు 1,354. పోయినవాళ్లు ఇంట్లో లేమని తప్పించుకోలేరు గనక లెక్క బాగానే కుదిరింది. 98 శాతం చావులకి ఇంటివాళ్లని అడిగి కారణం రాసుకున్నారు. దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులే. గుండెపోటు పట్నవాసులదన్న మాట అక్కడితో చెల్లిపోయింది. గొప్ప పనే, కాదనను. కానీ ఆ లెక్కల మీద రాసిన వ్యాసం శీర్షికలో ‘గ్రామీణ భారతం’ అని పెట్టారు! 1852 నాటి ధవళేశ్వరం ఆనకట్ట, రెండు పంటల వరి, చేపల చెరువులు, పైగా ఒక ఫౌండేషన్ పనిచేస్తున్న ఊళ్లు. ఇంత తడికట్టె అనంతపురం పల్లెలో ఎక్కడుంది?

ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రివాళ్లు 1996-2000లో చేసిన కంటి సర్వేకి పశ్చిమగోదావరితో పాటు ఆదిలాబాదు, మహబూబ్‌నగర్, హైదరాబాదులనీ తీసుకున్నారు. అది తెలివి. ఎంచిన 11,786 మందిలో 10,293 మందిని పరీక్షించారు. నా మనసు మిగిలిన 1,493 మంది మీదే ఉంటుంది. వచ్చినవాడి కన్ను రానివాడి కంటికి సాక్ష్యం చెబుతుందా? చూసిందే నమ్ముతానంటాడు చార్వాకుడు. అలాగైతే ఏ సర్వే అక్కర్లేదు. తర్కం నమ్మిన నైయాయికుడు అనుమానాన్ని, అంటే చూసినదాన్నిబట్టి చూడనిదాన్ని తేల్చడాన్ని, వదలడు; ముందు ఉపాధిని వెతుకుతాడు. నేను వీడి పక్షం.

కోనసీమలో మా తమ్ముడి ఊరే చూడండి. పొద్దున పదింటికి సర్వేవాళ్లొస్తే దొరికేది మా ఈడు ముసలివాళ్లం. కోతకెళ్లిన ఆడవాళ్లు దొరకరు. రొయ్యల చెరువు గట్టున కాపలా కాసేవాడు దొరకడు. కువైట్‌కి ఇంటిపనికెళ్లినావిడ పేరు రేషన్ కార్డులోనే ఉంటుంది. శిబిరం పెడితే మంచం పట్టినవాడు రాలేడు, ఒంట్లో నలత లేనివాడు రాడు. వీళ్లని వదిలేసి తీసిన సగటు ఎవరిది? ఎంతమంది రాలేదన్నది చెబితే చాలదు, ఎందుకు రాలేదో కూడా చెప్పినప్పుడే ఆ లెక్కని ప్రమాణమంటాను.

ఈసారి మీ ఇంటికి సర్వేవాళ్లొస్తే మీ బీపీ చూపించి పంపేయకండి. పక్కింటికి తాళమెందుకుందో, వాళ్లు ఏ వేళకి దొరుకుతారో కూడా చెప్పండి.