జమ్ము పెరికిన కోడలు

మదనపల్లె నుంచి పుంగనూరుకు పోయే దారిలో ఒక పల్లె ఉండేది. పల్లెకు ఒక చెరువు, చెరువు కింద టమోటా మళ్ళు. చెరువుకు ఎగువన ఒక అద్దకం షెడ్డు. పట్టు నూలుకు రంగులు వేసే ఆసామి మిగిలిన నీళ్ళను రోజూ కాలవలోకి వదిలేవాడు. చెడ్డవాడేమీ కాదు. పట్టుకు వేసే కొన్ని రంగుల్లో రాగి, క్రోమియం వంటి లోహాలుంటాయని ఆయనకూ తెలియదు, ఊరికీ తెలియదు. చెరువు మాత్రం ఒకనాడు ఎర్రగా, ఒకనాడు నీలంగా కనిపించేది. పశువులు నీళ్ళ దాకా వచ్చి మూతి వెనక్కి తీసుకునేవి.

ఆ ఊరి కుర్రవాడొకడు హైదరాబాదులో పనిచేసి వచ్చాడు. 2018లో అక్కడి నెక్నాంపూర్ చెరువులో సుమారు 3,000 చదరపు అడుగుల తెప్ప కట్టి, దాని మీద వట్టివేరు, మెట్టతామర, జమ్ము పెంచడం చూశాడు. ఊరికి రాగానే కాలవ చెరువులో కలిసే చోట అడ్డంగా జమ్ము నాటాడు. జమ్ము కాడ లోపల గుల్లగా ఉంటుంది. ఆ గుల్లలోంచి గాలి బురదలోని వేరు దాకా దిగుతుంది. వేరు చుట్టూ చేరిన సూక్ష్మజీవులు ఆ గాలితో బతుకుతూ మురికిని తినేస్తాయి. లోహాలను తినేవారు మాత్రం ఎవరూ లేరు. అవి మొక్కలోకి ఎక్కి, చాలామటుకు వేరులోనే నిలిచిపోతాయి.

ఏడాది తిరిగేసరికి నీళ్ళు తేటపడ్డాయి. ఊరు గంగమ్మకు పొంగళ్ళు పెట్టింది. జమ్ము ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎండాకాలంలో చెరువు ఇంకి, జమ్ము ఎండి, వాలి, బురదలోనే కుళ్ళింది. వాన పడి చెరువు నిండాక చేపలు చచ్చి తేలాయి. ఊరు ముందు కుర్రవాణ్ణి తిట్టింది, తర్వాత జమ్మును తిట్టింది.

ఆ కుర్రవాడి ఇంటికి కుప్పం వైపు నుంచి వచ్చిన కోడలు ఒకతె ఉండేది. ఆమె పుట్టిల్లు కోలారు బంగారు గనులకు దగ్గర. గనులు 2001లో మూతపడ్డాయి, సయనైడ్ దిబ్బలు మాత్రం అలాగే ఉన్నాయి. గాలి లేచినప్పుడల్లా ఆ దుమ్ము ఊళ్ళ మీదికి రావడం చూస్తూ పెరిగిన మనిషి ఆమె.

మరుసటి ఏడు జమ్ము ఏపుగా ఎదిగింది. ఎండక ముందే ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని మోకాటి లోతు బురదలోకి దిగింది. పై ఆకు కోసి ఊరుకోలేదు. కాడను రెండు చేతులా పట్టి, బురదలో అడ్డంగా పాకిన దుంపతో సహా పెరికింది. పెరికినదంతా గట్టు మీద పరిచింది. పుంగనూరు పొట్టి ఆవులను మేపేవాడొకడు ఊరికే దొరికిన మేత కదా అని మందను తోలుకొచ్చాడు. ఆమె అడ్డం నిలబడి మందను మళ్ళించింది. పొయ్యిలోకి అడిగిన వాళ్ళకూ ఇవ్వలేదు. ఎండిన మోపులను బావులకు దూరంగా, అడుగున సిమెంటు వేసిన గుంతలో వేసి పైన కప్పింది. మేతను పాడుచేస్తోందని ఊరు గొణిగింది. అయినా నాలుగు రోజులు పోయాక కొందరు ఆడవాళ్ళు ఆమెకు తోడు దిగారు.

అద్దకం ఆసామి కూడా గట్టు మీద నిలబడి చూశాడు. తాను ఒక్క చేత్తో కాలవలోకి ఒంపిన దాన్ని తీయడానికి ఇంతమంది నడుములు వంచాల్సి వచ్చిందని కళ్ళారా చూశాడు. ఆ నెలలోనే కాలవకు కట్ట వేశాడు. షెడ్డు పక్కన తొట్లు కట్టించి రంగు నీళ్ళను ఎండబెట్టాడు. అడుగున మిగిలిన మడ్డిని బస్తాలకెత్తించాడు. ఆ తర్వాత ఏ ఎండాకాలమూ ఆ చెరువు రంగు మారలేదు.

చెరువును బాగుచేసింది జమ్మేనా అంటే, సగమే. మొక్క లోహాన్ని పట్టి ఉంచగలదు గానీ లేకుండా చేయలేదు. వేళకు పెరికే చేతులూ, ఎగువన ఒంపడం మానే మనిషీ లేకపోతే ఆ లోహం తిరిగి నీళ్ళలోకే వస్తుంది. అందుకే మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో ఏ చెరువులోనైనా మొక్కలు నాటే ముందే పెరికే పని ఎవరిదో, పెరికింది ఎక్కడ దాచాలో ఊరంతా కూర్చుని తేల్చుకోవాలి.