తెప్ప కట్టిన చేతికి పాపమంటుతుందా?

భద్రాచలం చుట్టుపక్కల గోదావరిలోనూ, దానిలో కలిసే తాలిపేరు, కిన్నెరసాని, శబరి నీళ్లలోనూ చేపలు పట్టేవారి సామానులో అంగడి సరుకు తక్కువ, ఇంట్లో అమర్చుకున్నది ఎక్కువ. చెరువులు, జలాశయాల మీద లారీ చక్రం పాత ట్యూబే పడవ. దానికి గాలి కొట్టించి పైన చెక్కపలకో నవారు అల్లికో బిగిస్తారు. మనిషి దాని మీద కూర్చుని కాళ్లు నీళ్లలోకి వదిలి, రెండు చేతుల్లో రెండు చెక్కముక్కలతో నీళ్లు తోసుకుంటూ వల కట్టిన చోటి దాకా వెళతాడు. ట్యూబు దొరకకపోతే థర్మాకోల్ దిమ్మలను యూరియా సంచుల్లో పెట్టి కుట్టి తెప్ప చేస్తారు. వలకు బెండ్లు కావాలంటే అరిగిపోయిన హవాయి చెప్పులు ముక్కలు కోస్తారు, లేదా ఖాళీ నీళ్ల సీసాలకు బిరడా బిగించి కడతారు. లంగరుకు తాడూ రాయీ చాలు. ఏటిని నమ్ముకున్న వాడబలిజలకు నాటు పడవ, విసురు వల ఉంటే, వాగుల పక్కన ఉండే కోయలకు, కొండరెడ్లకు వెదురు ఉంది. బద్దలు చీల్చి అల్లిన మావును పొలం నీళ్లు వాగులోకి దిగే చోట పెడతారు. లోపలికి వంగిన ముళ్లలాంటి బద్దల మధ్య నుంచి దూరిన చేప తిరిగి బయటికి రాలేదు. మోకాటి లోతు నీళ్లలో అయితే అడుగు లేని బుట్టలాంటి ఊతను చేప మీద బోర్లించి, పైనుంచి చెయ్యి పెట్టి తీస్తారు.

ఇతర దేశాల్లో కయాక్ మీద తిరుగుతూ గాలం వేసే సరదారాయుళ్లు కూడా పీవీసీ పైపు ముక్కలతో గాలపు కర్రకు గూడు బిగించుకుంటారు, కూర్చునే పీట ఎత్తు పెంచుకుంటారు. చేసేది ఒకే రకం పని. వాళ్లకది సెలవు రోజు కాలక్షేపం, ఇక్కడ ఇంటిల్లిపాదికీ పూట గడిచే దారి. అయితే కయాక్ పుట్టింది ఆటకు కాదు. ధ్రువప్రాంతపు ఇన్యూట్ జనం నీళ్లలో కొట్టుకొచ్చిన కర్రలతో, ఎముకలతో చట్రం కట్టి, దానికి సీల్ తోలు తొడిగి, వేటగాడి ఒంటి కొలతకు సరిపడా దాన్ని చేసుకునేవారు. చంపిన సీల్ నోట్లో మంచినీళ్లు పోసి గాని దాన్ని కోసేవారు కాదు. ఆ నీళ్ల చుక్క దగ్గరే అసలు ప్రశ్న మొదలవుతుంది. ప్రాణం తీసే సాధనాన్ని తన చేతులతో చేసుకున్నవాడికి ఆ చావులో పాలు ఎంత? కొన్న వలతో పట్టినా, అల్లిన వలతో పట్టినా ఒకటేనా?

ఈ దేశంలో ఈ ప్రశ్నకు అందరూ ఎరిగిన జవాబు మహాభారతం అరణ్యపర్వంలో ఉంది. తెలుగులో ఆ పర్వశేషాన్ని పూర్తిచేసినవాడు ఎర్రన. మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడి దగ్గరికి కౌశికుడనే బ్రాహ్మణుడు ధర్మం తెలుసుకోవడానికి వెళతాడు. ఈ వృత్తి నీకు తగదనే మాటకు వ్యాధుడు తడుముకోకుండా బదులిస్తాడు. నాగలి దున్నితే నేలలోని పురుగులు చస్తాయి, గింజలోనూ ప్రాణముంది, నడిచే కాలి కింద కూడా జీవాలు నలుగుతాయి. హింస చేయకుండా బతికినవాడు లోకంలో లేడు. ఈ వాదం గట్టిది, ప్రమాదకరమైనది కూడా. అందరూ చంపుతున్నారు కాబట్టి ఎంత చంపినా ఒకటేననే దాకా దీన్ని ఎవరైనా లాగవచ్చు. వ్యాధుడు లాగడు. తాను స్వయంగా చంపనని, ఉన్నదాంట్లో అతిథికి, ఆశ్రితులకు పెట్టి మిగిలింది తింటానని తన నడతకు తానే హద్దులు చెబుతాడు. కథ చెప్పుకునేవాళ్లు మొదటి సగం గుర్తుపెట్టుకుని రెండో సగం మరిచిపోవడమే ఎక్కువ.

సాధనం గురించి వ్యాధుడు ఏమీ చెప్పలేదు. ఆ లెక్క తేల్చినవారు జైనులు. భగవతీ సూత్రంలో విల్లుకాడి ప్రస్తావన ఒకటి ఉంది. బాణం తగిలి జంతువు చస్తే ఆ కర్మ విల్లుకాడికి మాత్రమే అంటదు, ఏ జీవుల దేహాలతో విల్లూ అల్లెతాడూ బాణమూ తయారయ్యాయో ఆ జీవులకూ అంటుతుంది. అంటే మావుకు బద్దలిచ్చిన వెదురు కూడా చేప చావులో భాగస్వామి. వినడానికి వింతగా ఉన్నా, వస్తువు వెనక ఒక ప్రాణం, ఒక అడవి ఉన్నాయన్న సంగతిని ఇంత నిక్కచ్చిగా పట్టించుకున్న శాస్త్రం మరొకటి లేదు. జైన గృహస్థుకు విషం, ఆయుధం వంటి హింసా సాధనాలను ఇతరులకు ఇవ్వడమూ దోషమే. బుద్ధుడు ఉపాసకులకు కూడదన్న ఐదు వ్యాపారాల్లో ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం ఉన్నాయి. అక్కడ నిషేధం పడింది అమ్మకం మీద. తన ఇంటికి తాను వల అల్లుకున్నవాడు ఆ జాబితాలోకి రాడు, వందల వలలు నేయించి అమ్మేవాడి సంగతి ఆలోచించాలి. ప్రాణం తీయరాదన్న నియమం మాత్రం ఇద్దరికీ ఉంది.

అడవిలో ఆలోచన వేరే దారిన నడుస్తుంది. కోయలు కొత్త పంటనుగాని, మామిడికాయనుగాని, ఇప్పపువ్వునుగాని ఆయా పండుం (పండుగ) జరిపి దేవతకు పెట్టకుండా ముట్టరు. భూమి పండుగకు విత్తనాలు దేవత ముందు పెడతారు, మగవాళ్లు ఊరుమ్మడిగా వేటకు వెళతారు. ఇక్కడ పాపపుణ్యాల పద్దు కనబడదు. ముందు అడగడం, తర్వాత తీసుకోవడం, తీసుకున్నదాన్ని పంచుకోవడం కనబడతాయి. సంస్కృత శాస్త్రానికీ ఇది తెలియనిది కాదు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో విగ్రహానికి చెట్టు నరకబోయే ముందు దానికి పూజ చేసి, అందులో నివసించే భూతాలను వేరేచోట ఉండమని వేడుకోవాలని విధించాడు. ఇన్యూట్ వేటగాడి మంచినీళ్లూ ఈ కోవలోవే. ఒకరినొకరు ఎరగని జనాలు ఒకే పద్ధతికి చేరుకున్నారంటే అందులో లోకానుభవం ఉండి ఉండాలి. తర్వాత చేసే ప్రాయశ్చిత్తం కంటే ముందు అడిగే అనుమతే ఈ విషయంలో మేలైన ఆలోచన. ప్రాయశ్చిత్తం ఎంతైనా చంపనిస్తుంది. అనుమతి అడగాలంటే ఎంత కావాలో ముందుగా తెలియాలి.

సొంతంగా కట్టుకున్న తెప్పకు రామకథలోనే స్థానముంది. భద్రాచల రాముణ్ణి తలచినప్పుడు జనానికి గుర్తొచ్చేది గుహుడి పడవ. వాల్మీకి అయోధ్యకాండలో గంగ దాటించింది ఆ పడవే. యమున దగ్గరికి వచ్చేసరికి పడవ లేదు. అన్నదమ్ములిద్దరూ ఎండుకట్టెలు, వెదుళ్లు చేర్చి తెప్ప కట్టి, దానిపైన వట్టివేళ్లు పరిచారు. లక్ష్మణుడు నీటిప్రబ్బలి, నేరేడు కొమ్మలు నరికి సీత కూర్చోవడానికి ఆసనం అమర్చాడు. బట్టలు, నగలు, గునపం, బుట్ట ఎక్కించుకున్నారు. నడి ఏట్లో సీత యమునకు మొక్కుకుంది. దాటాక తెప్పను ఒడ్డున వదిలి నడిచిపోయారు. భద్రాచలంలో ముక్కోటి ఏకాదశి ముందురోజు సాయంత్రం స్వామిని హంసవాహనం మీద గోదావరిలో ఊరేగించే తెప్పోత్సవానికి ఎన్ని దీపాలు పెట్టినా, పర్ణశాలలో ఆనవాళ్లు ఎన్ని చూపించినా, కొమ్మలు నరికి పీట చేసిన ఆ మరిది పనితనం గురించి చెప్పేవారు తక్కువ. రాజకుమారుడి చేతికి ఆ పని అవమానమని కవి అనుకోలేదు.

తెప్పను వదిలేయడం గురించి బుద్ధుడూ చెప్పాడు. గడ్డీ కొమ్మలూ ఆకులూ కట్టి ఏరు దాటినవాడు, ఇంత మేలు చేసిందని ఆ తెప్పను నెత్తిన పెట్టుకుని తిరగడు, ధర్మమూ అంతేనని మజ్ఝిమనికాయంలోని ఉపమానం. సాధనం అవసరానికే, మోజుకు కాదన్న మాట అందులో ఉంది. అయితే యమున ఒడ్డున వదిలిన తెప్ప కుళ్లి మట్టిలో కలిసిపోయే సరుకుతో కట్టింది. థర్మాకోల్ తెప్పను వదిలేస్తే అది గింజలు గింజలుగా విడిపోయి గోదావరి పొడుగునా తేలుతుంది, చేప దాన్ని మేతనుకుని మింగుతుంది. వదిలేయడంలోని వైరాగ్యం కూడా ముడిసరుకును బట్టే ఉంటుంది.

పనిముట్టు చిన్నదైతే దోషం చిన్నదనే నమ్మకం చాలామందికి ఉంది. మనుస్మృతి పదకొండో అధ్యాయం మహాయంత్రాలను నడపడాన్ని ఉపపాతకాల్లో చేర్చింది. వ్యాఖ్యాతలు కొందరు ఆ యంత్రాలకు ఉదాహరణగా ప్రవాహాన్ని ఆపే కట్టలను చెప్పారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన గోదావరి ఒడ్డున, సముద్రం నుంచి ఎదురీదే పులస ఇప్పుడు ఆ కట్ట దగ్గరే ఆగిపోతున్న చోట, దుమ్ముగూడెం ఆనకట్టనూ పోలవరాన్నీ చూసిన జనానికి ఈ వ్యాఖ్య పాతబడినట్టు అనిపించదు. డెల్టాకు అన్నం పెట్టింది ఆ కట్టేనన్నదీ అంతే నిజం. చైనా తాత్త్వికుడు జువాంగ్‌జీ గ్రంథంలో ఒక ముసలి తోటమాలి కడవతో నీళ్లు మోస్తుంటాడు. ఏతం పెట్టుకోమని దారినపోయేవాడు సలహా ఇస్తే, యంత్రం పెట్టుకున్నవాడి మనసు కూడా యంత్రమవుతుందని కాదంటాడు. తెలుగు రైతు ఈ కథ వింటే నవ్వుతాడు. ఏతం అతనికి యంత్రమే కాదు, తాతలనాటి పనిముట్టు. గాంధీ 1909లో హింద్ స్వరాజ్‌లో యంత్రాలను తూర్పారబట్టి, 1924లో సింగర్ కుట్టుమిషన్‌కు మినహాయింపు ఇచ్చాడు. గీత ఎక్కడ గీయాలన్నది ఆయనకూ తేలికగా తెగలేదు.

ఆ గీతను చేతికీ యంత్రానికీ మధ్య గీస్తే గోదావరి ఒడ్డున నిలవదు. రాతి క్వారీల్లో వాడే జిలెటిన్‌తో మడుగులో పేల్చే బాంబును చేసేదీ ఇంట్లోనే. బ్యాటరీకి తీగలు తగిలించి నీళ్లలో కరెంటు వదిలే ఏర్పాటూ సొంత తెలివే. బ్లీచింగ్ పౌడరు మూట, వాగు నోటికి అడ్డంగా కట్టిన దోమతెర, ఇవన్నీ చవకైనవి, చిన్నవి, సొంత చేతి పనులు. మందుగుండు పేలిన మడుగులో పెద్దచేపతోపాటు వేలెడంత పిల్లలూ గుడ్లూ పోతాయి. చచ్చినవాటిలో చాలా మటుకు అడుక్కి దిగిపోతాయి, పట్టినవాడికీ దక్కవు. అడవి జనం మంగకాయ వంటివి దంచి నీళ్లలో కలిపి చేపలను మత్తెక్కించే పద్ధతి కూడా పిల్లా పెద్దా తేడా చూడదు. ఎండాకాలం చివర ఎలాగూ ఇంకిపోయే మడుగులో, ఊరంతా కలిసి చేసినంత కాలం దానికి హద్దు ఉండేది. పారే వాగులో ఒక్కడు తన లాభానికి చేస్తే ఆ హద్దు పోయినట్టే.

మావు అల్లేవాడు బద్దకూ బద్దకూ మధ్య సందు ఎంత వదలాలో తానే తేలుస్తాడు. వల అల్లేవాడు కన్ను ఎన్ని వేళ్లు పట్టాలో తానే కొలుస్తాడు. రెండు వేళ్ల కన్ను వలలోంచి పిల్లచేప జారిపోతుంది, వచ్చే ఏడు అదే పెద్దచేపై వస్తుంది. ధర్మవ్యాధుడి హద్దు, కోయల అనుమతి, జైనుల పట్టింపు ఆ సందులోనే చోటు చేసుకున్నాయి. సొంతంగా చేసుకున్న సాధనానికి ఉన్న ఆధిక్యం పవిత్రత కాదు, బాధ్యత. కొన్నవాడు వల కన్ను సన్నగా ఉంటే కంపెనీని అనవచ్చు, అల్లినవాడికి ఆ సాకు లేదు. కాబట్టి తెప్ప కట్టిన చేతికి తెప్ప వల్ల పాపం లేదు. తప్పించుకునే దారి లేకుండా సాధనం చేసిన చేతికి ఉంది, అది ఇంట్లో చేసిందైనా ఫ్యాక్టరీలో చేసిందైనా.

చట్టం ఈ తేడాను ఎప్పుడో పట్టుకుంది. 1897 నాటి భారత మత్స్య చట్టం చేపలు పట్టడానికి పేలుడు పదార్థాలను, నీళ్లలో విషం కలపడాన్ని నిషేధించింది. తొలి రూపంలో శిక్ష రెండు నెలల దాకా జైలు లేదా రెండు వందల రూపాయల దాకా జరిమానా. ఏటికి అడ్డంగా పెట్టే కట్లకు, వలల రకానికి, కన్ను కొలతకు, వేట మానుకోవలసిన కాలానికి నియమాలు చేసే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. ఆ వల ఎవరు అల్లారని అది ఎక్కడా అడగలేదు.