నాలుగు స్వరాల రాగం: కర్త బాధ్యత, శ్రోత అధికారం

శాస్త్రీయ సంగీతంలో నూతన సృష్టి విద్వత్సభను దాటి సామాన్య శ్రోతలను చేరినప్పుడు శాస్త్రానికి న్యూనత కలుగుతుందా? మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) కృషి ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రాగానికి కనీసం ఐదు స్వరాలు ఉండాలన్నది లాక్షణికుల సామాన్య నియమం. బాలమురళి ప్రచారంలోకి తెచ్చిన మహతి రాగంలో షడ్జం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం మాత్రమే ఉన్నాయి. లవంగి కూడా చతుస్స్వర రాగమే. ఇటువంటి రాగాల విషయంలో ఆయన కర్తృత్వాన్ని ప్రసిద్ధ వైణికులు ఎస్. బాలచందర్ బహిరంగంగా ప్రశ్నించారు. ఆ వాదాలతో నిమిత్తం లేకుండానే, 1975 నాటి తమిళ చిత్రం ‘అపూర్వ రాగంగళ్’లో ఎం.ఎస్. విశ్వనాథన్ కూర్చిన పాట ద్వారా మహతి కచేరీలకు వెళ్లని శ్రోతల చెవికీ చేరింది.

జనాదరణ రాగత్వానికి ప్రమాణం కాజాలదు. ఎక్కువమంది విన్నంత మాత్రాన లక్షణం సిద్ధించదు. అయితే స్వరసంఖ్య ఒక్కటే ప్రమాణమన్న వాదం కూడా విచారణీయమే. మతంగుని ‘బృహద్దేశి’ నాలుగు, అంతకు తక్కువ స్వరాల గానాన్ని మార్గ సంగీతంలో చేర్చక, శబర పులిందాది జనుల ప్రయోగంగా పేర్కొన్నది. అంటే స్వరసంఖ్యా నియమం వెనుక నాదవిచారంతో పాటు, ఎవరి గానం శాస్త్రమవుతుందన్న సామాజిక నిర్ణయం కూడా ఉన్నది. మన జోలపాటలు, నాట్లపాటలు అనేకం కొద్ది స్వరాల పరిధిలోనే నడుస్తాయి. వాటికి అలవాటుపడిన చెవికి చతుస్స్వర రాగం పరాయిది కానవసరం లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉన్నది. స్వరాలు తక్కువైనంత మాత్రాన పల్లెపాట, రాగం ఒకటవుతాయా? కావు. నాలుగు స్వరాలలోనే పునరుక్తి లేకుండా ఆలాపన, కల్పనస్వరం విస్తరించగలిగినప్పుడే రాగత్వం నిరూపితమవుతుంది. ఆ నిరూపణ భారం కర్తది, తరువాతి గాయకులది. శ్రోతల సంఖ్య ఆ భారాన్ని తగ్గించదు.

కనుక కర్తకు రెండు బాధ్యతలు ఏర్పడుతున్నాయి. శ్రోత సామాన్యుడన్న నెపంతో సృష్టిని పలుచన చేయకపోవడం మొదటిది. తరతరాలుగా జనం నోట ఉన్న స్వరాలపై స్వామ్యం ప్రకటించుకోకుండా, తాను చేసిన ప్రయోగానికే కర్తృత్వాన్ని పరిమితం చేసుకోవడం రెండవది. ఈ రెండూ పాటించినప్పుడు విస్తృత శ్రోతలను చేరడం వల్ల శాస్త్రానికి న్యూనత రాదు. తాను ఒకనాడు వెలుపల ఉంచిన గానాన్ని తిరిగి వినే అవకాశం దానికి కలుగుతుంది.